ఆర్చర్ సీ6: అడ్వాన్స్‌డ్ ట్యాబ్ కోసమే కొన్న రౌటరు

టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో లైన్లు చూసి రిటైరైనవాణ్ణి. అందుకని అట్టపెట్టె మీద అచ్చేసిన స్పీడు అంకెలు నన్ను పెద్దగా కదిలించవు. టీపీ-లింక్ ఆర్చర్ సీ6 పెట్టె మీద ఏసీ1200 అని ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 300 ఎంబీపీఎస్, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 867, రెండూ కూడి పైకి సర్దితే 1200. ఒకే ఫోను ఆ మొత్తాన్ని లాగేసుకోవడం అనేది ఉండదు. పైగా తెనాలిలో మా ఇంటికొచ్చే ఫైబర్ ప్లానే 100 ఎంబీపీఎస్. మూడు వేల లోపు పెట్టి నేను కొన్నది స్పీడుని కాదు, లోపలున్న అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌ని, అంటే బ్రౌజర్‌లో రౌటరు పేజీ తెరిస్తే లోతైన సెట్టింగులుండే భాగాన్ని. కాబట్టి ఈ రివ్యూ కూడా దాని గురించే.

ఇంటర్నెట్ ఆపరేటరు ఇచ్చిన ఫైబర్ డబ్బాలోనే వైఫై ఉండగా ఇంకోటి ఎందుకని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఆ డబ్బాకి అసలు పాస్‌వర్డు ఆపరేటరు దగ్గర ఉంటుంది, మనకిచ్చే లాగిన్‌తో వైఫై పేరు మార్చుకోవడం తప్ప పెద్దగా ఏమీ చెయ్యలేం. డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సర్వరు) మార్చడానికి లేదు, డీవీఆర్‌కి (కెమెరాల రికార్డింగ్ డబ్బాకి) అడ్రస్ ఖాయం చెయ్యడానికి లేదు. దాని వెనకాలే కొత్త రౌటరు తగిలిస్తే సరిపోదా అంటే, నడుస్తుంది కానీ నాట్ మీద నాట్ పడుతుంది. నాట్ అంటే ఆఫీసులో ఈపీఏబీఎక్స్ లాంటిది, అదే, ఆఫీసు లోపలి చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీ. బయటికి ఒకటే నంబరు, లోపల ఎక్స్‌టెన్షన్లు. ఒక ఈపీఏబీఎక్స్ ఎక్స్‌టెన్షన్‌కి ఇంకో ఈపీఏబీఎక్స్ తగిలిస్తే బయటికి చేసే కాల్స్ వెళ్తాయి, బయటి నుంచి వచ్చే కాల్ మాత్రం లోపలి మనిషిని వెతుక్కోలేదు. అందుకని ఆపరేటరు డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించడం, అంటే అది నాట్ మానేసి లైన్‌ని నేరుగా మన రౌటరుకి అందించేలా చెయ్యడం, మొదటి పని.

వచ్చిన కుర్రాడు మంచివాడే కానీ కాస్త జంకాడు. "బాబాయ్ గారూ, బ్రిడ్జ్ పెడితే తర్వాత వైఫై కంప్లైంటు వస్తే మేం చూడం మరి" అన్నాడు. "వైఫై నేను చూసుకుంటాలే బాబూ, నువ్వు ఫైబర్ పవర్ సరిగ్గా ఉందో లేదో చూసిపెట్టు చాలు" అన్నాను. పీపీపీఓఈ, అంటే ఆపరేటరు లైన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి, దాని యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాయించుకున్నాను. మీరూ అడిగి రాయించుకోండి. రౌటర్ రీసెట్ అయిన రోజున అవి లేకపోతే ఇంటర్నెట్ లేదన్నట్టే.

ఇంటర్నెట్ పేజీలో పీపీపీఓఈ ఎంచుకుని ఆ రెండూ కొడితే లైన్ వచ్చేస్తుంది. కొందరు ఆపరేటర్లు పాత డబ్బా మ్యాక్ అడ్రస్‌ని (ప్రతి పరికరానికీ కంపెనీ వేసే గుర్తింపు నంబరుని) కట్టేసి ఉంచుతారు, అప్పుడు ఆ నంబరునే మన రౌటరు చూపించేలా కిందే ఉన్న మ్యాక్ క్లోన్ వాడాలి. ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు, 1480 అని ఉంటుంది. 1500లో పీపీపీఓఈ హెడర్‌కి 8 బైట్లు పోతే 1492, అంతవరకూ పెంచుకోవచ్చు. పెంచినా తేడా మనిషికి తెలియదు, వదిలేయండి.

నాకు బాగా నచ్చింది డీహెచ్‌సీపీ పేజీలోని అడ్రస్ రిజర్వేషన్. రౌటర్ మామూలుగా 120 నిమిషాల లీజు మీద అడ్రసులు పంచుతుంది. కరెంటు పోయి వచ్చాక ప్రింటరు ఒక అడ్రస్, డీవీఆర్ ఇంకో అడ్రస్ పట్టుకుంటే, నిన్నటిదాకా కనబడిన కెమెరాలు ఇవాళ కనబడవు. ఇక్కడ డీవీఆర్ మ్యాక్ అడ్రస్ ఎదురుగా 192.168.0.50 అని రాసి సేవ్ చేస్తే ఎప్పటికీ అదే. ఫోన్లకి మాత్రం ఒక తిరకాసు ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో అయితే ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ చూపించకుండా ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తున్నాయి. ప్రైవసీకి మంచిదే. కానీ ఫోన్‌లో ఒకసారి ఆ నెట్‌వర్క్ సెట్టింగ్ మారితే మనం చేసిన రిజర్వేషన్, పిల్లల ఫోనుకి పెట్టిన టైమ్ లిమిట్ రెండూ గాలికి పోతాయి. మన ఇంటి నెట్‌వర్క్ వరకు ఫోన్‌లో అసలు మ్యాక్ వాడేలా పెట్టుకుంటేనే ఈ పేజీ పనికొస్తుంది.

వైఫై విషయానికొస్తే, మాది తొమ్మిదంగుళాల గోడల పాత ఇల్లు, పైన స్లాబు, ఆ పైన అద్దెకిచ్చిన పోర్షను. చుట్టుపక్కల ఇళ్లన్నిట్లో రౌటర్లే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు మూడే: 1, 6, 11. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ పెట్టి చూస్తే మా వీధంతా 6 మీద కూర్చుని ఉంది. ఆటో తీసేసి 11 పెట్టాను, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించాను. 40 పెడితే ఎక్కువ స్పీడు కదా అంటారు. పొలం మధ్యలో ఒంటరి ఇల్లయితే సరే. వీధిలో అందరూ 40 పెడితే అందరూ ఒకరి మీద ఒకరు అరుచుకోవడమే. స్మార్ట్ కనెక్ట్ కూడా తీసేశాను. రెండు బ్యాండ్లనీ ఒకే పేరు మీద చూపించే ఏర్పాటు అది. 2.4 తప్ప ఇంకేమీ తెలియని స్మార్ట్ ప్లగ్గుల్ని కలిపేటప్పుడు తలనొప్పి తెస్తుంది. పేర్లు వేరు చేస్తే ఎవరు ఎక్కడున్నారో నాకు తెలుస్తుంది.

యాంటెన్నాలు నాలుగున్నా 5 గిగాహెర్ట్జ్ స్లాబు దాటదు. ఇది ఈ మోడల్ తప్పు కాదు, ఏ కంపెనీదైనా అంతే. పైకి క్యాట్ 6 వైరు లాగి, పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచడం వరకే) పెట్టడమే నిఖార్సైన మార్గం. సీ6లో పోర్టులన్నీ గిగాబిట్ కాబట్టి వైరు దగ్గర ఇరుకు రాదు. నా ఓటు ఎప్పుడూ వైరుకే. అద్దెకున్న వాళ్లకి గెస్ట్ నెట్‌వర్క్ ఇచ్చాను. లోకల్ నెట్‌వర్క్ అనుమతి టిక్కు తీసేస్తే వాళ్లకి ఇంటర్నెట్ వస్తుంది, మా డీవీఆర్, ప్రింటరు కనబడవు. ఇది ఈ రౌటర్ వైఫైకే వర్తిస్తుంది. యాక్సెస్ పాయింట్ నుంచి వెళ్లేవాళ్లు మామూలు నెట్‌వర్క్‌లోనే పడతారు. అందుకే పైనున్న పాత రౌటర్ పాస్‌వర్డు మా వాళ్ల వరకే.

బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని లోపలి పరికరానికి పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీకి వెళ్లేముందు ఒక పని చెయ్యండి. స్టేటస్ పేజీలో మీకొచ్చిన ఇంటర్నెట్ ఐపీ చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు సీజీనాట్ (ఆపరేటరు దగ్గరుండే నాట్) వెనకాల ఉన్నారు. పాత రకం, అంటే ఐపీవీ4 అడ్రసుల ప్రపంచ నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. ఆ మరుసటి ఏడాది, 2012లో, ఆపరేటర్ల పంపకం కోసమే ఈ అడ్రసుల వరసని పక్కన పెట్టారు. అంటే మీ ఈపీఏబీఎక్స్‌ని బ్రిడ్జ్ పెట్టి తీసేసినా, ఆపరేటరు ఎక్స్ఛేంజీలో ఇంకోటి ఉంది. అక్కడ తలుపు తెరవకుండా మీరు ఇక్కడ ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. కావాలంటే విడిగా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారకుండా మనకే ఉండే అడ్రస్) అడగాలి, లేదా కొత్త రకం అడ్రసులైన ఐపీవీ6 వస్తుందేమో చూడాలి.

నేనైతే అడగలేదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) ఇళ్లలోని కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లలోకి డిఫాల్ట్ పాస్‌వర్డులతోనే దూరి, వాటన్నిటినీ సైన్యంగా వాడుకుంది. డీవీఆర్‌ని నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టడానికి నాకు ధైర్యం చాలదు. కంపెనీ యాప్‌లో కెమెరాలు కనబడుతున్నాయి, చాలు. యూపీఎన్‌పీ తీసేశాను, ఎందుకంటే అది ఉంటే లోపలున్న ఏ పరికరమైనా మనల్ని అడక్కుండా పోర్టు తెరుచుకుంటుంది. ఆన్‌లైన్ గేములాడే పిల్లలున్న ఇంట్లో మాత్రం దీని మీద కాస్త గొడవ తప్పదు. పాస్‌వర్డు కొట్టకుండా బటన్ నొక్కో, పిన్ కొట్టో వైఫైకి కలిసే డబ్ల్యూపీఎస్ కూడా ఆపేశాను. బయటి నుంచి రౌటరు సెట్టింగులు మార్చే రిమోట్ మేనేజ్‌మెంట్ జోలికి పోలేదు.

నేను ఎక్కువసేపు కూర్చున్నది ఎవరూ తెరవని ఏఎల్‌జీ పేజీలో. అందులో ఎస్ఐపీ ఏఎల్‌జీ అని ఒక స్విచ్ ఉంటుంది. ఇంటర్నెట్ ఫోను కాల్‌లో, అవతలివాళ్ల గొంతు నాకు ఏ అడ్రస్‌కి పంపాలి అనే వివరం ప్యాకెట్ లోపల రాసి ఉంటుంది. ఏఎల్‌జీ ఆ ఉత్తరం విప్పి లోపలి అడ్రస్ కొట్టేసి బయటి అడ్రస్ రాస్తుంది. ఉద్దేశం మంచిదే. కానీ అవతల సర్వరు కూడా అదే దిద్దుబాటు చేస్తే రెండు దిద్దుబాట్లూ కలిసి గొంతు దారి తప్పుతుంది. వాళ్లకి మనం వినబడతాం, మనకి వాళ్లు వినబడరు. మా రోజుల్లో దీన్ని వన్‌వే స్పీచ్ అనేవాళ్లం, ఫాల్ట్ డాకెట్‌లో అలాగే రాసేవాళ్లం. రాగి తీగలు పోయినా ఆ ఫాల్టు మాత్రం పోలేదన్నమాట. ఆఫీసు సాఫ్ట్‌ఫోన్ ఎన్‌క్రిప్షన్‌తో నడిస్తే ఈ స్విచ్ ఎలా ఉన్నా ఒకటే, ఉత్తరం విప్పడానికే కుదరదు కనుక. లేకపోతే ముందు ఇది ఆపి చూడండి. ఆ వరసలోనే ఐపీసెక్, ఎల్2టీపీ పాస్‌త్రూలు ఉంటాయి. వాటిని కదపొద్దు. బెంగళూరు కంపెనీకి ఇక్కడి నుంచే పనిచేసే మా అమ్మాయి లాంటివాళ్ల వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే రహస్య దారి) ఆ దారిన పోతుండొచ్చు.

ఏ పరికరానికి ముందు స్పీడు ఇవ్వాలో చెప్పే క్యూఓఎస్‌లో అమ్మాయి లాప్‌టాప్‌కి ప్రయారిటీ ఇచ్చాను. మొత్తం స్పీడు దగ్గర ప్లాను అంకె కాకుండా కాస్త తగ్గించి రాస్తేనే అది పనిచేస్తుంది. డీఎన్ఎస్‌కి 1.1.1.3 పెట్టాను. క్లౌడ్‌ఫ్లేర్ 2020లో తెచ్చిన ఈ అడ్రస్ మాల్‌వేర్‌తో పాటు పెద్దల సైట్లనీ ఆపుతుంది. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ వేరేది పెట్టుకున్న పిల్లాడి ముందు ఇదేమీ పనిచెయ్యదు, అది వేరే సంగతి.

లోటుపాట్లు చెప్పాలంటే, దీనికి యూఎస్‌బీ పోర్టు లేదు. హార్డ్‌డిస్క్ తగిలించి ఇంట్లో సినిమాలు పంచుకుందామనుకునేవాళ్లు వేరేది చూసుకోవాలి. ఇది వైఫై 5 తరం, వైఫై 6 కాదు. ఇంట్లో ఇరవై ముప్పై పరికరాలు, 300 ఎంబీపీఎస్ పైన ప్లాను ఉంటే కాస్త ఎక్కువ పెట్టి వైఫై 6ది కొనడమే మేలు. యాంటెన్నాలు ఊడవు, పెద్దవి మార్చుకుందామంటే కుదరదు. ఒక సౌకర్యం మాత్రం ఉంది. ఇది 12 వోల్టుల మీద నడుస్తుంది, కాబట్టి బజార్లో దొరికే రౌటర్ మినీ యూపీఎస్ సరిపోతుంది. అయితే ఫైబర్ డబ్బాకి కూడా కరెంటు కావాలి కదా, రెండు అవుట్‌పుట్‌లు ఉన్న యూపీఎస్ తీసుకోండి. ఇన్వర్టర్ లేని ఇళ్లలో ఈ సంగతి మర్చిపోయి, రౌటర్ లైట్లు వెలుగుతున్నా నెట్ రాలేదని నాకు ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు.

కొనేవాళ్లకి ఇంకో మాట. సీ6లో హార్డ్‌వేర్ వెర్షన్లు చాలా ఉన్నాయి, అడుగున అంటించిన స్టిక్కర్ మీద నంబరు ఉంటుంది. నేను చెప్పిన పేజీల పేర్లు, వాటి వరస మీ వెర్షన్‌లో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. ఫర్మ్‌వేర్ (రౌటరు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) దించుకునేటప్పుడు ఆ నంబరుకి సరిపోయేదే, టీపీ-లింక్ ఇండియా పేజీ నుంచే దించుకోండి. అప్‌డేట్ చేసే ముందు బ్యాకప్ పేజీలో సెట్టింగుల ఫైలు కంప్యూటర్‌లోకి దించి పెట్టుకోండి. రిజర్వేషన్లు, పీపీపీఓఈ, క్యూఓఎస్ అన్నీ ఆ ఒక్క ఫైల్లో వచ్చేస్తాయి.