మంచు బొమ్మ, ఓవెన్ బొమ్మ పక్కపక్కనే వేసిన సిరామిక్ డిష్

చింతచిగురు మటన్ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో దాచినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు, ఆ పసుపు, ఆ మసాలా వాసన డబ్బాను వదలవు, తర్వాత అందులో కోవా పెట్టినా కూర వాసనే. సిరామిక్ డిష్‌తో ఆ బాధ లేదు. మరక పట్టదు, పులుపుకు ఏమీ కాదు, స్టీల్ గిన్నెలా కాకుండా మైక్రోవేవ్‌లోకీ వెళ్తుంది. ఎండాకాలంలో దేవరకొండ నుంచి అమ్మ పంపిన చిగురుతో వండి దాచిన కూరను ఇక్కడ మహబూబ్‌నగర్‌లో వానలు పడుతుంటే జొన్నరొట్టెతో తిన్నాం, రుచి తగ్గలేదు. ఆలుగడ్డ వేసిన కూర మాత్రం దాచకండి, ముక్క ఇసుకలా అవుతుంది.

ఇక నా కోపం సంగతి. అట్టపెట్టె మీద మంచు బొమ్మ, దాని పక్కనే ఓవెన్ బొమ్మ. అలా ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? చుట్టాలు వస్తున్నారని గడ్డకట్టిన డిష్‌ను తీసి 180 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో పెట్టాను. కాసేపటికి లోపల ఠప్‌మని చప్పుడు. తలుపు తీస్తే ఈ మూల నుంచి ఆ మూలకు పగులు. కూర ఇంకా గడ్డగానే ఉంది కాబట్టి చుక్క కారలేదు, రెండు ముక్కల్నీ అదే పట్టుకుని ఉంది, చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెంకు రవ్వలు ఉంటాయేమోనన్న భయంతో కూరంతా పారేశాం. "గిన్నె పోతే పోయింది, కిలో మటన్ పాయె కదనే" అని అత్తమ్మ రెండు రోజులు అదే మాట. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, ఓవెన్‌లో పెట్టొచ్చు, కానీ ఒకదాని వెంట ఒకటి కాదు అన్నారు. మరి ఆ ముక్క పెట్టెమీద ఎందుకు వేయలేదంటే జవాబు లేదు. ఓవెన్ వేడికి బయటి గోడ సాగుతుంది, కూరకు ఆనుకున్న లోపలివైపు ఇంకా మైనస్ 18 దగ్గరే ఉంటుంది, సిరామిక్ వంగే రకం కాదు కాబట్టి పగులుతుంది. ఇది తయారుచేసేవాళ్లకు తెలియని సంగతేం కాదు.

సెట్‌లో మిగిలిన రెండోదాన్ని ఇప్పుడు వేరేలా వాడుతున్నాను. లోపల బటర్ పేపర్ పరిచి, కూర పూర్తిగా చల్లారాక పోసి గడ్డకట్టిస్తాను. గడ్డకడితే కూర ఉబ్బుతుంది, అందుకని పైన వేలెడు ఖాళీ వదలాలి. తర్వాత గడ్డను పేపర్‌తో సహా పైకి లాగి కవర్లో చుట్టి మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే డిష్ ఖాళీ అవుతుంది. తినే ముందురోజు రాత్రి గడ్డను అదే డిష్‌లో వేసి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, తెల్లారి వేడెక్కించని ఓవెన్‌లో పెట్టి అప్పుడు ఆన్ చేస్తాను. అంత ఓపిక లేని రోజు మైక్రోవేవ్. అయితే మంచు కంటే నీళ్లు త్వరగా వేడెక్కుతాయి కాబట్టి అంచుల్లో కుతకుత ఉడుకుతుంటే నడుమ ఐసుగడ్డ అలాగే ఉంటుంది. తక్కువ పవర్‌లో పెట్టి మధ్యమధ్య కలపాల్సిందే. అడుగున గ్లేజు, అంటే గాజులాంటి నున్నటి పూత, లేని రింగు సింకులో నీళ్లు పీల్చుకుంటుంది, తడి ఆరకుండా మైక్రోవేవ్‌లో పెడితే కూర కన్నా ముందు గిన్నే చెయ్యి కాలుస్తుంది.

మరక పట్టదన్నాను కదా, ఈమధ్య లోపల గ్లేజు మీద వెంట్రుకంత గీతలు కనిపిస్తున్నాయి, వాటిలో పసుపు దిగుతోంది. వాసనైతే ఇంకా లేదు.

మేం ముగ్గురమే, పైగా నేను ఉద్యోగానికి రోజూ జడ్చర్ల వెళ్లి వస్తాను, అందుకే ఆదివారం వండిపెట్టుకోవడం నాకు కలిసొచ్చింది. ఇంటినిండా మనుషులుండి ఏ పూటకాపూట వండుకునేవాళ్లకు ఈ బరువు మోయడం దండగ అనిపించొచ్చు. నేనైతే ఇంకోటి కొంటాను, ఈసారి చిన్న సైజుది, అదీ ఆఫర్‌లో వస్తేనే.