డెస్క్‌టాప్ ఇప్పుడే కొనాలా, ఆగాలా?

ఒకప్పుడు జవాబు తేలిక: దసరా దాకా ఆగు, రేటు తగ్గుతుంది. 2025 చివర్లో ఆ లెక్క తలకిందులైంది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోవడంతో ర్యామ్ ధర ఆకాశాన్నంటింది. మెమరీ చిప్‌లు తయారుచేసే మైక్రాన్ కంపెనీ అయితే మనబోటివాళ్లకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది.

ఖర్చు
కొంటే: ర్యామ్, ఎస్‌ఎస్‌డీల (ఫైళ్లు దాచే వేగమైన డ్రైవ్‌ల) దగ్గరే జేబు చిల్లు.
ఆగితే: తగ్గొచ్చు, పెరగనూవచ్చు. పండగ ఆఫర్లు మానిటర్ మీద కలిసొస్తాయేమో గానీ ర్యామ్ మీద నాకు ఆశ లేదు.

శ్రమ
కొంటే: సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో నాలుగు షాపులు తిరిగి కొటేషన్లు రాయించుకుంటే సరి.
ఆగితే: రోజూ రేట్లు చూసుకునే తలనొప్పి.

రిస్క్
అసలు తిరకాసు ఇక్కడే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ (ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు) 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందు ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా రాదు. అలాంటి సిస్టమ్‌లో బ్యాంకు పనులు చేసేవాళ్లు ఆగడం మంచిది కాదు.

కాలేజీ ప్రాజెక్టులో, ఎడిటింగ్ పనులో నెత్తిమీదుంటే ఇప్పుడే కొనండి. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) మదర్‌బోర్డులో 16 జీబీ ర్యామ్ స్టిక్ ఒక్కటే వేయించి రెండో స్లాట్ ఖాళీగా ఉంచండి. వేగం కాస్త తగ్గినా తర్వాత ఇంకోటి పెట్టుకోవచ్చు. గేమ్‌ల కోసమే అయితే, ఉన్నది నడుస్తున్నంతకాలం ఆగండి. పాత హార్డ్‌డిస్క్ తీసేసి అదే సాటా కేబుల్‌కి తగిలే చిన్న ఎస్‌ఎస్‌డీ వేసినా ప్రాణం లేచొస్తుంది.