డ్రూయిడ్ల పేరు చెప్పి చూపించే చోట్లు: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి, ఏ మాట నమ్మాలి

లండన్ నుంచి బాత్, విండ్సర్, స్టోన్‌హెంజ్ మూడూ ఒకే రోజులో చుట్టేసే బస్సు టూర్లు ఉంటాయి కదా, ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్ళు చాలామంది స్టోన్‌హెంజ్‌ని అలాగే చూస్తారు, మేం కూడా మొదట అలాగే వెళ్ళాం. బస్సులో గైడ్ మైకు పట్టుకుని, ఇది డ్రూయిడ్ పూజారులు కట్టుకున్న గుడి అని చెప్పేశాడు. అది తప్పు. డ్రూయిడ్లు అంటే రోమన్లు రాకముందు బ్రిటన్‌లో, ఇప్పటి ఫ్రాన్స్ వైపు ఉన్న పూజారులు. చిన్నాచితకా తప్పు కూడా కాదు, రెండు వేల ఏళ్ళకు పైగా తేడా. ఆ పెద్ద రాళ్ళు నిలబెట్టింది క్రీ.పూ. 2500 ప్రాంతంలో, డ్రూయిడ్ల గురించి గ్రీకులు, రోమన్లు రాసిపెట్టినవి ఎక్కువగా క్రీస్తుకి అటు ఇటు ఒకట్రెండు శతాబ్దాలవి. డబ్బులు తీసుకుని తీసుకెళ్ళేవాళ్ళు ఈ మాత్రం సరిగ్గా చెప్పాలి కదండీ. ఆ తర్వాత మా ఆయనా నేనూ సొంతంగా ఒక్కో చోటా తిరిగాం, అందుకే ఈ పోస్టు.

ముందు స్టోన్‌హెంజ్ సంగతి. టూర్ బస్సు వద్దు, వాటర్‌లూలో సాల్స్‌బరీ ట్రైన్ ఎక్కండి, గంటన్నర ప్రయాణం, స్టేషన్ బయటే రాళ్ళ దగ్గరికి బస్సు ఉంటుంది. టికెట్ టైమ్ స్లాట్‌తో ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే మంచిది. విజిటర్ సెంటర్ నుంచి రాళ్ళ దాకా రెండు కిలోమీటర్ల పైనే, షటిల్ బస్సు ఉంది గానీ కాళ్ళు బాగుంటే నడవండి, ఆ పచ్చిక బయళ్ళలో మట్టిదిబ్బల సమాధులు చూసుకుంటూ వెళ్తేనే ఆ చోటు ఎంత పెద్దదో అర్థమవుతుంది. మామూలు టికెట్‌తో రాళ్ళ మధ్యలోకి పోనివ్వరు, తాడు కట్టి ఉంటుంది, చుట్టూ తిరిగి రావడమే. లోపలికి వెళ్ళాలంటే మామూలు జనానికి మూసి ఉండే వేళల్లో ఇచ్చే స్పెషల్ టికెట్ కొనాలి, అది ఖరీదు, లేదంటే రెండు సాల్‌స్టిస్‌లు (పగలు అన్నిటికన్నా ఎక్కువ, అన్నిటికన్నా తక్కువ ఉండే రోజులు), రెండు ఈక్వినాక్స్‌లప్పుడు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు) ఈ చోటుని చూసుకునే ఇంగ్లీష్ హెరిటేజ్ వాళ్ళు అందరినీ ఫ్రీగా వదులుతారు, అప్పుడు వెళ్ళాలి. జూన్‌లో వేలమంది వస్తారు, పార్కింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి. చిన్నపిల్లలతో ఆ రాత్రి జాగారం అనవసరం, డిసెంబర్‌ది అయితే చలి ఎక్కువ గానీ జనం తక్కువ.

మరి డ్రూయిడ్లకీ ఈ రాళ్ళకీ ముడి పెట్టిందెవరు అంటే, 17వ శతాబ్దంలో జాన్ ఆబ్రీ అనే ఆయన ఇవి డ్రూయిడ్ల గుళ్ళు అయ్యుండొచ్చు అని ఊహించాడు, 1740లో విలియం స్టూక్లీ ఆ ఊహని పుస్తకంగా వేసి జనంలోకి పంపాడు. అప్పటికి కాలం లెక్కకట్టే సైన్స్ లేదు, రోమన్లకి ముందు ఈ దేశంలో ఎవరున్నారంటే పుస్తకాల్లో దొరికే పేరు డ్రూయిడ్లదే, అందుకని ఆబ్రీనీ స్టూక్లీనీ తప్పు పట్టలేం. 1905లో ఒక డ్రూయిడ్ సంఘం వాళ్ళు పెట్టుడు గడ్డాలతో వచ్చి అక్కడే పెద్ద సభ పెట్టారు, అలా అలా ఆ ముడి గట్టిపడిపోయింది.

లండన్‌లోనే ఉండి గంట టైమ్ ఉన్నవాళ్ళకి ప్రిమ్‌రోజ్ హిల్ చెప్తాను. చాక్ ఫార్మ్ ట్యూబ్ స్టేషన్‌లో దిగితే కాసేపటి నడక, టికెట్ లేదు, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. 1792 జూన్ 21న యోలో మొర్గనుగ్ అనే వెల్ష్ కవి ఇక్కడే నాలుగు రాళ్ళు గుండ్రంగా పేర్చి కవుల సభ జరిపాడు, దానికి గుర్తుగా నేలలో ఒక ఫలకం ఉంది. ఈయన రాళ్ళు చెక్కే మేస్త్రీ, పాత వెల్ష్ కవిత్వం గొప్పగా చదువుకున్నవాడు. ఆ సభ డ్రూయిడ్ల కాలం నుంచి తెగకుండా వస్తోందని చెప్పాడు, పాత రాతలని చూపించినవాటిలో చాలా భాగం తనే రాసుకున్నవి, ఆ సంగతి 20వ శతాబ్దంలో గానీ పూర్తిగా బయటపడలేదు. కానీ ఆయన పెట్టిన తంతు మాత్రం బతికింది. వేల్స్ జాతీయ సాహిత్య ఉత్సవం ఐస్టెద్‌వొద్‌లో ఇవాళ్టికీ అదే జరుగుతుంది, 1946లో అప్పటి యువరాణి ఎలిజబెత్‌నీ, 2002లో ఆర్చ్‌బిషప్ రోవన్ విలియమ్స్‌నీ ఆ సభలో చేర్చుకున్నారు. అక్కడ అది మతం కాదు, భాష మీద అభిమానం.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది ఏవ్‌బరీ. స్టోన్‌హెంజ్ కన్నా చాలా పెద్ద వలయం, ఎంత పెద్దదంటే ఊళ్ళో కొన్ని ఇళ్ళు, ఒక పబ్బు, మధ్యలో నుంచి మెయిన్ రోడ్డు, అన్నీ లోపలే. టికెట్ లేదు, తాడు లేదు, రాళ్ళని తాకొచ్చు, గొర్రెలు మేస్తుంటాయి. స్విండన్ నుంచి బస్సు ఉంది, కారయితే నేషనల్ ట్రస్ట్ పార్కింగ్‌కి డబ్బులు. ఒకప్పుడు ఊరివాళ్ళు ఈ రాళ్ళని మంట పెట్టి, నీళ్ళు పోసి పగలగొట్టి ఇళ్ళు కట్టుకున్నారు, స్టూక్లీ 1720ల్లో అది కళ్ళారా చూసి బొమ్మలు గీసి పెట్టాడు, 1930ల్లో మార్మలేడ్ వ్యాపారం డబ్బుతో అలెగ్జాండర్ కీలర్ పడిపోయినవాటిని మళ్ళీ నిలబెట్టించాడు.

మేం వెళ్ళిన ఆదివారం అక్కడ ఈ కాలపు డ్రూయిడ్ల కార్యక్రమం ఉంది, ఎవరైనా చేరొచ్చన్నారు. కొందరు తెల్ల గౌన్లు, కొందరు మామూలు రెయిన్ జాకెట్లు. గుండ్రంగా నిలబడ్డాక ఒకావిడ ఉత్తరం వైపు తిరిగి అక్కడ శాంతి ఉండాలి అని గట్టిగా పిలిచింది, తర్వాత దక్షిణం, పడమర, తూర్పు. ప్రపంచంలో శాంతి కోరకుండా ఏ పనీ మొదలుపెట్టరట. తర్వాత అందరూ చేతులు పట్టుకుని అవెన్ (వెల్ష్‌లో కవికి కలిగే స్ఫూర్తి అని అర్థం) అని సాగదీస్తూ మూడు సార్లు పలికారు, ఆ నాదం పొట్టలోంచి వస్తుంటే మా ఆయన నా వైపు చూశాడు, ఇద్దరికీ ఓంకారమే గుర్తొచ్చింది. చివర్లో రొట్టె చేతులు మారుతూ వచ్చింది, ముందు ఒక ముక్క నేల మీద పెట్టి తర్వాత మనుషులు తినాలి, కొమ్ముతో చేసిన గ్లాసులో తేనె సారా, పిల్లలకీ డ్రైవింగ్ వాళ్ళకీ యాపిల్ జ్యూస్.

అయ్యాక ఆ పెద్దావిడని అడిగేశాను, ఇది పాత డ్రూయిడ్లు చేసిందేనా అండీ అని. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. "కాదమ్మా, వాళ్ళేం చేశారో రాసిపెట్టలేదు, మాది రెండొందల యాభై ఏళ్ళ సంప్రదాయం, శాంతి పిలుపు యోలో ఇచ్చింది, ఎనిమిది పండుగల చక్రం 1950ల్లో కుదిరింది, ఈ కొండలూ చెట్లూ మాత్రం పాతవే" అంది. ఆ నిజాయితీకి నాకు చాలా గౌరవం కలిగింది. ఇప్పుడు పెద్దదైన ఓబాడ్ (ఆర్డర్ ఆఫ్ బార్డ్స్, ఓవేట్స్ అండ్ డ్రూయిడ్స్) సంఘాన్ని రాస్ నికల్స్ పెట్టింది 1964లో, బార్డ్, ఓవేట్, డ్రూయిడ్ అని మూడు మెట్ల కోర్సు ఇంటికే పంపిస్తారు. డ్రూయిడ్ నెట్‌వర్క్ అనే ఇంకో సంఘానికి 2010లో మతపరమైన చారిటీ హోదా కూడా వచ్చింది. కొత్తది కాబట్టి బూటకం అనేవాళ్ళతో నేను ఒప్పుకోను, పాతదని అబద్ధం చెప్తే అది బూటకం.

మన దగ్గర ముడుమాల్ ఉంది చూడండి, నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన నిలువురాళ్ళు. వాటిని నిలబెట్టినవాళ్ళ పేరు, వాళ్ళ దేవుడి పేరు మనకి తెలీదు, అయినా ఊరివాళ్ళు అందులో ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. ఆ భక్తి అబద్ధమా? కాదు కదా. అలాగని ఎల్లమ్మ భక్తులే ఆ రాళ్ళు నిలబెట్టారని రాస్తే అది చరిత్ర కాదు. ఏవ్‌బరీలో జరిగేదీ అలాంటిదే. పనిలోపని, డ్రూయిడ్లు మన ద్రావిడులే అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌కి ఆధారం ఏమీ లేదు, దయచేసి ఫార్వర్డ్ చేయకండి. పోలిక కావాలంటే డ్రూయిడ్ల గురించి రోమన్ సేనాని సీజర్ రాసింది చదవండి: చదువు ఇరవై ఏళ్ళ దాకా సాగేది, అంతా పద్యాలుగా నోటికి నేర్చుకోవాల్సిందే, రాయడం నిషిద్ధం, ఆత్మ ఒక దేహం నుంచి ఇంకో దేహానికి పోతుందని నమ్మకం. వేదపాఠశాల చూసినవాళ్ళకి ఆ చదువు ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అంత చదువూ ఒక్క ముక్క మిగలకుండా పోయింది, ఆ మాట తలుచుకుంటే నిజంగా బాధేస్తుంది.

గ్లాస్టన్‌బరీ అనే ఊరి సంగతి త్వరగా చెప్పేస్తాను. కొండ ఎక్కితే గాలి, చూపు బాగున్నాయి, వెజిటేరియన్ తిండి ఈ మొత్తం ట్రిప్పుల్లో ఇక్కడే బాగా దొరికింది. షాపుల్లో డ్రూయిడ్ క్రిస్టల్స్, డ్రూయిడ్ కార్డులు అంటారు, పాతవాళ్ళకీ వాటికీ సంబంధం లేదు, నచ్చితే కొనుక్కోండి అంతే.

పాత డ్రూయిడ్ల దగ్గరికి వెళ్ళాలంటే మాత్రం వేల్స్‌లో ఆంగిల్సీ దీవి. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ సైన్యం ఈ దీవి మీద పడిందని, ఒడ్డున నల్లబట్టల ఆడవాళ్ళు కాగడాలు పట్టుకుని, డ్రూయిడ్లు చేతులెత్తి శపిస్తూ నిలబడ్డారని, తర్వాత పవిత్ర వనాలు నరికేశారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఇక్కడ లిన్ కెరిగ్ బాఖ్ అని చిన్న సరస్సు ఉంది. 1942లో పక్కన ఎయిర్‌ఫీల్డ్ కడుతూ మట్టి తవ్వితే ఒక ఇనప గొలుసు దొరికింది, గట్టిగా ఉందని దాన్ని ట్రాక్టర్‌కి కట్టి బురదలో దిగబడ్డ లారీలు లాగారు. తర్వాత తెలిసింది, అది రెండు వేల ఏళ్ళ నాటి బానిసల మెడ గొలుసు అని. కత్తులు, బల్లేలు, రథాల సామాన్లు కలిపి నూటయాభైకి పైగా దొరికాయి, నీళ్ళలోకి మొక్కుగా వేసినవి. అది డ్రూయిడ్ల పనే అని ఎవరూ నిరూపించలేదు గానీ కాలం సరిపోతుంది, చోటు సరిపోతుంది. వెళ్ళి చూస్తే రెల్లు, నీళ్ళు, నెత్తి మీద జెట్ విమానాల రొద, ఇంతే. ఫొటోలకి వెళ్ళేవాళ్ళు నిరాశపడతారు, నేను మాత్రం అక్కడి నుంచి కదలలేకపోయాను. దొరికిన వస్తువులు వేల్స్ నేషనల్ మ్యూజియంవి.

అదే దీవిలో బ్రిన్ కెల్లీ దీ అనే రాతి సమాధి కూడా చూడండి, ఫ్రీ, పొలాల మధ్య నడిచి వెళ్ళాలి, వంగి లోపలికి దూరొచ్చు, జూన్ సాల్‌స్టిస్ పొద్దున సూర్యుడి వెలుగు నేరుగా లోపల పడుతుంది. ఇది కూడా డ్రూయిడ్ల కన్నా చాలా చాలా పాతది.

బసల సంగతి. స్టోన్‌హెంజ్‌కి సాల్స్‌బరీలో ఉండడం మేలు, ఏవ్‌బరీకి మార్ల్‌బరో గానీ డివైజెస్ గానీ మేలు, ఏవ్‌బరీ ఊళ్ళో రూములు చాలా తక్కువ. ఆంగిల్సీలో మేం దిగిన బీ అండ్ బీలో వెజిటేరియన్ అని ముందే మెయిల్ పెట్టినా పొద్దున్నే సాసేజ్ ప్లేటు తెచ్చి పెట్టారు, అడిగితే టోస్టు, బీన్స్ ఇచ్చారు, రూము మాత్రం శుభ్రంగా ఉంది. ఈ దీవికి లండన్ యూస్టన్ నుంచి హోలీహెడ్ దాకా ట్రైన్ ఉంది గానీ ఈ రెండు చోట్లకీ కారు లేకపోతే కష్టం, బాంగర్‌లో దిగి అద్దెకి తీసుకోండి. ఒక్క వీకెండే చేతిలో ఉంటే స్టోన్‌హెంజ్ పొద్దున, ఏవ్‌బరీ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా పెట్టుకోండి, రబ్బరు బూట్లు మర్చిపోకండి, గొర్రెలు తిరిగే పచ్చిక కదా, వానొస్తే అంతా బురదే.