క్లిక్స్ కమ్యూనికేటర్: కీబోర్డు కోసం సగం తెర వదులుకోవచ్చా?

2026 జనవరిలో అమెరికాలోని సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో చూపించిన కీబోర్డు ఫోను క్లిక్స్ కమ్యూనికేటర్ స్పెసిఫికేషన్లలో 4.03 అంగుళాల తెర అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. ఇంత బుల్లి తెరా అని. అంగుళాలు కొలిచేది మూల నుంచి మూలకు కాబట్టి ఆ అంకె ఒక్కటీ చూస్తే పొరబడతాం. తెర 1080 × 1200 పిక్సెళ్లది. ఆ నిష్పత్తిలో లెక్కగడితే వెడల్పు 68.5 మిల్లీమీటర్లు, ఎత్తు 76 వస్తాయి. ఇప్పుడు అందరి చేతుల్లో ఉండే 6.5 అంగుళాల, 20:9 నిష్పత్తి ఫోనుకు తెర వెడల్పు దాదాపు 68 మిల్లీమీటర్లే. అంటే వెడల్పులో ఇది దేనికీ తీసిపోదు. తగ్గింది ఎత్తు. అది మాత్రం 150 నుంచి ఏకంగా సగానికి పడిపోయింది.

ఈ ఫోను మంచీ చెడూ చాలావరకు ఆ సగం దగ్గరే తేలిపోతాయి. మామూలు ఫోనులో మెసేజ్ కొడుతుంటే తెర మీది కీబోర్డు, దాని నెత్తిన సజెషన్ల పట్టీ కలిసి మూడో వంతుకు పైగా మింగేస్తాయి. చదవడానికి మిగిలేది 90, 95 మిల్లీమీటర్లు. ఇక్కడ 76 ఉన్నాయి, టైప్ చేస్తున్నా అవి అలాగే ఉంటాయి. కాబట్టి జవాబులు రాసే పనిలో నష్టం బొటనవేలి వెడల్పంత. చదివే పనిలోనే అసలు దెబ్బ. పెద్ద ఫోనులో కీబోర్డు దిగిపోగానే 150 మిల్లీమీటర్లూ మళ్లీ చేతికొస్తాయి, ఇందులో కీలు ఎక్కడికీ పోవు.

వీడియోల సంగతి ఇంకా కష్టం. ఫోనును నిలువుగా పట్టుకుని 16:9 వీడియో చూస్తే బొమ్మ ఎత్తు 38 మిల్లీమీటర్ల చిల్లర. పెద్ద ఫోనులోనూ అంతే, కానీ దాన్ని అడ్డం తిప్పితే బొమ్మ 120 × 68కి పెరుగుతుంది. దీన్ని తిప్పితే 76 × 43 దగ్గర ఆగిపోతుంది, పైగా కీబోర్డు పక్కకు వచ్చి పట్టు కుదరదు. నిలువు వీడియోలు పూర్తిగా కనబడాలంటే 43 మిల్లీమీటర్ల వెడల్పుకు కుంచించుకుపోతాయి, లేదా పైనా కిందా కోత పడుతుంది.

యాప్‌లలో ఎదురయ్యే చిక్కు వేరు. చాలావాటిని పొడవాటి తెరను మనసులో పెట్టుకుని తయారుచేస్తారు. దాదాపు చతురస్రంగా ఉన్న తెర మీద లాగిన్ పేజీలో 'కొనసాగించు' బటన్ కిందికి జారిపోతుంది. ఆ పేజీకి స్క్రోల్ లేకపోతే అక్కడే ఇరుక్కుపోతారు. దీనికి ఒక చిట్కా పనిచేస్తుంది: సెటింగ్స్‌లో డిస్‌ప్లే సైజ్‌ను ఒక మెట్టు తగ్గించి, అక్షరాల సైజును అలాగే ఉంచాలి. రెండూ కలిపి తగ్గిస్తే 400 పీపీఐ (అంగుళానికి 400 పిక్సెళ్ల) తెర మీద ఒత్తులు, గుణింతాలు చదవడానికి కళ్లు చికిలించాల్సి వస్తుంది.

ఇక కీబోర్డు. క్యూ నుంచి పీ దాకా పది కీలు ఫోను వెడల్పులోనే ఇమడాలి గనక ఒక్కో కీకి దక్కేది ఏడు మిల్లీమీటర్ల చిల్లర. తెర మీది కీలదీ ఇంచుమించు అదే వెడల్పు. అందుకే వేగం పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వేలు ఎత్తకుండా గీస్తూ టైప్ చేయడం అలవాటైనవాళ్లు మొదటి కొన్ని వారాలు నెమ్మదిస్తారు. వేగం కంటే ముఖ్యమైన లాభం ఇంకోటుంది: కీ అంచు వేలికి తగులుతుంది కాబట్టి చూడకుండా కొట్టొచ్చు, కొట్టింది పడిందో లేదో క్లిక్కే చెబుతుంది. రెండో లాభం షార్ట్‌కట్లు. 2018లో వచ్చిన బ్లాక్‌బెర్రీ కీ2లో 26 అక్షరాలకు పొట్టి నొక్కు, పొడుగు నొక్కు కలిపి 52 షార్ట్‌కట్లు పెట్టుకునే వీలుండేది. కీబోర్డు ఫోనుకు అలవాటుపడినవాళ్లు మళ్లీ మామూలు ఫోనుకు వెళ్లలేకపోవడానికి టైపింగ్ కంటే ఇదే పెద్ద కారణం.

స్పేస్ బార్‌లో వేలిముద్ర సెన్సర్ పెట్టడం పాత బ్లాక్‌బెర్రీ కీవన్ ఫోను నుంచి వచ్చిన మంచి ఆలోచన. కీబోర్డు మీద వేలు జరిపి పేజీని స్క్రోల్ చేయడమూ ఉంది. తెరకు వేలు అడ్డం రాదు కాబట్టి చదివేటప్పుడు బాగుంటుంది. రాసేటప్పుడు మాత్రం కీల మీద ఆనించిన బొటనవేలు కదిలి కర్సర్ పక్క మాటలోకి దూకడం ఈ రకం కీబోర్డుల్లో పాత జబ్బు. స్క్రోల్ మాత్రమే ఉంచి, కర్సర్ కదిలించడాన్ని విడిగా ఆపుకోనిచ్చే సెటింగ్ ఉందా లేదా అన్నది కొనేముందు చూడాల్సిన విషయం.

ఇలాంటి చిన్న కీల అడుగున సాధారణంగా పల్చని లోహపు గుబ్బ ఉంటుంది. నొక్కితే లోపలికి వంగి కింది కాంటాక్టును తాకుతుంది, వదిలితే టక్కున పైకి లేస్తుంది. గుబ్బ అలిసినా, కిందికి దుమ్ము, జిడ్డు చేరినా కాంటాక్టు వణుకుతుంది, అప్పుడు ఒక్క నొక్కుకు రెండు అక్షరాలు పడతాయి. కీబోర్డు ఫోన్ల గురించి తరచూ వినబడే ఫిర్యాదు ఇదే. ఫోను చేతికి రాగానే నోట్స్ యాప్ తెరిచి ప్రతి అక్షరాన్నీ ఇరవైసార్లు నొక్కి చూడండి, మధ్యలో ఒకసారి, అంచుల మీద ఒకసారి. ఎక్కువ పడినా తక్కువ పడినా మార్పిడి గడువు దాటకముందే తిప్పి పంపండి. ఆండ్రాయిడ్‌లో బయటి కీబోర్డుల కోసం 'బౌన్స్ కీస్' అనే సదుపాయం ఉంది, చాలా తక్కువ వ్యవధిలో అదే కీ మళ్లీ పడితే రెండోదాన్ని వదిలేస్తుంది. ఫోను సొంత కీబోర్డుకు కూడా అది వర్తిస్తేనే వారంటీ అయిపోయాక పనికొస్తుంది. అయితే అది ఉపశమనమే, పాడైన గుబ్బ బాగుపడదు.

తెలుగులో రాసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) అలవాటు ఉన్నవాళ్లకు ఈ కీబోర్డు సరిపోదు, కారణం సూటిగా కనబడుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో చ సెమికోలన్ కీ మీద, ట కొటేషన్ గుర్తు మీద, డ చదరపు బ్రాకెట్ మీద, య స్లాష్ మీద ఉంటాయి. 26 అక్షరాల కీబోర్డులో ఆ కీలే ఉండవు. చ, డ, య లేకుండా 'చేయడం' అన్న మాటే రాయలేం. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగుగా మారే పద్ధతి వాడదామంటే, తెర మీది కీబోర్డు యాప్ తన బొమ్మ కీల నుంచి తీసుకునే సంకేతం వేరు, ప్లాస్టిక్ కీ నుంచి వచ్చేది వేరు. రెండో రకాన్ని కూడా పట్టుకుని మార్చేలా ఆ యాప్‌ను రాసి ఉండాలి. మీరు వాడే యాప్ ఆ పని చేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఈ ఫోను అక్కర్లేదు. ఇప్పుడున్న ఫోనుకే ఒక బ్లూటూత్ కీబోర్డు కలిపి తెలుగులో నాలుగు మాటలు కొట్టి చూడండి. అక్కడ మారితే ఇక్కడా మారే అవకాశం ఎక్కువ. ఇంగ్లిష్ లిపిలో తెలుగు కొట్టేవాళ్లకు మాత్రం ఇది హాయి. ఆటో కరెక్ట్ ఆపేస్తే కొట్టిన మాట కొట్టినట్టే ఉంటుంది, 'enti' కాస్తా ఇంకేదో అయిపోయే గొడవ ఉండదు.

మిగతావి త్వరగా చూద్దాం. 4000 ఎంఏహెచ్ సిలికాన్ కార్బన్ బ్యాటరీ అంకెలో చిన్నదే, తెర కూడా చిన్నది కాబట్టి సరిపోవాలి. 256 జీబీ స్టోరేజీ, మెమరీ కార్డు స్లాటు, 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ జాక్ ఉన్నాయి. చివరి రెండూ ఇప్పుడు చాలా ఖరీదైన ఫోన్లలోనూ అరుదుగానే దొరుకుతున్నాయి, ఆ లెక్కన ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వాలి. వెనక 50, ముందు 24 మెగాపిక్సెళ్ల కెమెరాలు. ఈ ఫోనును ఫొటోల కోసం ఎవరూ కొనరు గనక వదిలేద్దాం. పక్కనున్న బటన్ చుట్టూ వెలిగే లైటుకు మనిషిని బట్టి, యాప్‌ను బట్టి రంగు పెట్టుకోవచ్చు. పాత నోటిఫికేషన్ ఎల్‌ఈడీ పోయిందని బాధపడేవాళ్లకు ఇదొక్కటే సగం ధర చేస్తుంది.

ఆ ధర 499 డాలర్లు. కంపెనీ దీన్ని రెండో ఫోనుగానూ వాడుకోవచ్చంటోంది. ఆ మాటలో నిజాయితీ ఉంది, ఎందుకంటే వీడియోలు, మ్యాపులు ఎక్కువ చూసేవాళ్లకు ఇది ఒక్కటే చాలదు. ఒక్క ఫోనే ఉండాలి, కీబోర్డు కూడా కావాలి అనుకునేవాళ్లు 2025లో వచ్చిన యూనిహెర్ట్జ్ టైటాన్ 2 వైపు చూడొచ్చు. 4.5 అంగుళాల చతురస్రపు తెర, 5050 ఎంఏహెచ్ బ్యాటరీ. దాని తెర ఒక్కో వైపు 81 మిల్లీమీటర్లు, బరువు 235 గ్రాములు. చొక్కా జేబు వేలాడుతుంది, ఒంటిచేత్తో అవతలి అంచు కీ అందదు.

ముందుగా డబ్బు కట్టే విషయంలో ఈ రకం ఫోన్ల చరిత్ర అంత బాగా లేదు. 2020లో బ్లాక్‌బెర్రీ పేరుతో 5జీ కీబోర్డు ఫోను తెస్తామన్న ఆన్‌వర్డ్‌మొబిలిటీ ఒక్క ఫోనూ అమ్మకుండా 2022 ఫిబ్రవరిలో మూతపడింది. ఎఫ్ఎక్స్‌టెక్ ప్రో1 ఎక్స్ అనే ఇంకో కీబోర్డు ఫోనుకు మొదట చెప్పిన స్నాప్‌డ్రాగన్ 835 చిప్ దొరక్క, 662తో సరిపెట్టారు. క్లిక్స్ వాళ్లు ఇప్పటికే ఐఫోన్లకు తగిలించే కీబోర్డులు తయారుచేసి అమ్ముతున్నారు కాబట్టి కీల నాణ్యత వరకు కొంత నమ్మొచ్చు, మొత్తం ఫోను తయారుచేయడం మాత్రం వాళ్లకిదే మొదటిసారి. బుక్ చేసేముందు రిఫండ్ షరతులు చదవండి, మీ నెట్‌వర్క్ వాడే 4జీ, 5జీ బ్యాండ్ల అంకెలు ఫోను జాబితాలో ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూడండి. వోల్టీ (4జీ మీదే వెళ్లే) కాల్స్ సంగతి విడిగా అడగండి, బ్యాండ్ ఉన్నంత మాత్రాన కాల్ వెళుతుందని లేదు.