కింది పళ్ళ సెట్టు వదులైతే: అరగదీయించాలా, రీలైన్ చేయించాలా, కొత్తది కట్టించాలా?

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంటులో తెలుగు పెద్దవాళ్ళు ఎక్కువే. అమ్మ కింది సెట్టు బాగుపడిందని తెలిసినప్పటి నుంచి లిఫ్టులో కనిపించిన వాళ్ళంతా ఇదే అడుగుతున్నారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: గుచ్చుకుంటోందా, ఊగుతోందా?

ఈ తేడా తెలియక మేం మూడుసార్లు అరగదీయించాం. అమ్మకు కింద ముందు పళ్ళు సొంతవే, రెండు వైపులా దవడ పళ్ళు లేవు. నాలుగేళ్ళ కిందట కట్టించిన మెటల్ ఫ్రేము సెట్టు. ఎడమవైపు నాలుక పక్కన పుండు పడితే, కట్టిన క్లినిక్కులోనే అక్కడ కాస్త అరగదీశారు. రెండు రోజులు హాయిగా ఉంది. మళ్ళీ పుండు, ఈసారి ఇంకాస్త వెనక. మూడోసారి కొక్కేలు కూడా బిగించారు. దాంతో కొక్కెం పట్టుకునే పన్ను లాగడం మొదలైంది.

వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన కన్నడలో "అల్లాడుత్తా?" అన్నారు. సెట్టు కదులుతోందా అని ఆయన అడిగింది. అమ్మకు మన అల్లాడటం వినిపించింది. "అల్లాడిపోతున్నా నాయనా" అంది. ఆయన రెండు చూపుడువేళ్ళూ వెనక పళ్ళ మీద పెట్టి నొక్కారు. వెనక భాగం చిగుళ్ళలోకి దిగింది, నాలుక కింద ఉండే కడ్డీ ముందు పైకి లేచింది. అపార్థం చేసుకుని చెప్పినా అమ్మ జవాబు కరెక్టే.

పళ్ళు పోయిన చోట ఎముక ఏటికేడు కరుగుతుంది, పైదవడకంటే కిందిదవడలో ఇంకా ఎక్కువగా. వెనక ఆనుకోవడానికి పన్ను లేని సెట్టుకు చిగురే ఆధారం. ఆ చిగురు కిందికి పోతే సెట్టూ దాంతోపాటు దిగి, అంచు ఎక్కడో ఒకచోట కోస్తుంది. కోసిన అంచును అరగదీస్తే ఇంకోచోట కోస్తుంది. ఖాళీ మాత్రం అలాగే ఉంటుంది.

అరగదీయించడం తప్పని కాదు. కొత్త సెట్టు మొదటి వారాల్లో, ఒకేచోట నొప్పి ఉంటే దానికి మించింది లేదు. లోపల పేస్టు రాసి పెడితే ఒత్తుకునే చోట అది చెరిగిపోతుంది, అక్కడే గీస్తారు. పది నిమిషాల పని. నమిలినప్పుడే నొప్పి అయితే రంగు కాగితం కొరికించి ఎత్తు చూస్తారు. నొప్పికి సెట్టు తీసి పక్కన పెట్టేసినవాళ్ళు వెళ్ళే ముందు రోజైనా పెట్టుకోండి, ఎర్రటి మచ్చ కనబడకపోతే డాక్టరుకు చోటు తెలియదు. ఇంట్లో ఆకురాయి మాత్రం పట్టొద్దు.

ఊగుతుంటే నా ఓటు రీలైనుకే. ఉన్న సెట్టుతోనే అచ్చు తీసి, ఖాళీ మేరకు లోపల కొత్త అక్రిలిక్ ప్లాస్టిక్ వేస్తారు. ల్యాబ్‌కి పంపితే ఒకట్రెండు రోజులు సెట్టు ఉండదు. అమ్మ రాగిజావతో గడిపేసింది. కుర్చీలోనే చేసేది ఆ రోజే చేతికొస్తుంది గానీ నోరు మండుతుంది, అంతకాలం మన్నదు కూడా. ఒకటి గమనించండి: అచ్చు తీసేటప్పుడు డాక్టరు ఫ్రేమును పళ్ళ మీద ఆనే చోట్ల నొక్కి పట్టుకోవాలి, మనం కొరకకూడదు. కొరికితే వెనక భాగం దిగిపోయి, ఆ తప్పే అచ్చులో పడుతుంది.

సెట్టులోని పళ్ళు అరిగిపోయినా, ఫ్రేము విరిగినా, కొక్కెం పట్టుకునే పన్ను ఊడినా కొత్తది ఆలోచించవచ్చు. ఖర్చు భారమైతే విక్టోరియా ఆసుపత్రి దగ్గరున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, తిరగడానికి ఓపిక కావాలి. ఫ్లెక్సిబుల్ సెట్టు మెత్తగా ఉంటుంది, కానీ దాన్ని రీలైన్ చేయడం కష్టం. అతికించే పేస్టు నాలుగు రోజుల పెళ్ళికి పనికొస్తుంది, అంతే.

రీలైన్ చేయించిన మూడో రోజు అమ్మకు కుడివైపు ఒకచోట గుచ్చుకుంది. ఈసారి వేళ్ళతో నొక్కినా సెట్టు కదల్లేదు. అక్కడ కాస్త అరగదీశారు, మళ్ళీ వెళ్ళాల్సిన పని పడలేదు.