ఔట్‌లుక్ 2000 సెక్యూరిటీ అప్‌డేట్: తాళం గట్టిదే, దొడ్డిదారి మూయలేదు

2000 మే 4న విరుచుకుపడ్డ ఐ లవ్ యూ వర్మ్‌కు (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రామ్‌కు) మైక్రోసాఫ్ట్ తన మెయిల్ ప్రోగ్రామ్ ఔట్‌లుక్‌లో ఇచ్చిన జవాబు ఈ అప్‌డేట్. 'లవ్-లెటర్-ఫర్-యూ.టీఎక్స్‌టీ.వీబీఎస్' అటాచ్‌మెంట్‌లో, అది స్క్రిప్ట్ ప్రోగ్రామ్ అని చెప్పే చివరి '.వీబీఎస్' ముక్కను విండోస్ దాచేయడంతో ఉత్త టెక్స్ట్ ఫైలులా కనిపించేది. డబుల్ క్లిక్ చేశారా, సిస్టమ్ ఫోల్డర్‌లో కాపీలు పెట్టి, విండోస్ మొదలైనప్పుడల్లా నడిచే ప్రోగ్రామ్‌ల జాబితాలో (రిజిస్ట్రీ రన్ కీ) చేరి, అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లందరికీ తనను తానే పంపుకునేది. జేపీజీ ఫొటోల మీద తన కోడ్ రాసేసేది.

అప్‌డేట్ వేశాక మెయిల్‌లో వచ్చిన వీబీఎస్, ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్) ఫైళ్లు తెరుచుకోవు, సేవ్ కూడా కావు. వేరే ప్రోగ్రామ్ మెయిల్ పంపబోతే హెచ్చరిక వస్తుంది. అందులో 'యస్' బటన్ 5 సెకన్లు పనిచేయదు. ప్రతి మెయిల్‌కూ ఇదే తంతు కాబట్టి వర్మ్ ఊపు అక్కడే చస్తుంది. భేషైన ఆలోచన!

చిరాకులూ ఉన్నాయి. పామ్ పరికరం (చేతిలో పట్టే డిజిటల్ డైరీ) సింక్ చేసినా హెచ్చరికే. ఏదైనా ప్రోగ్రామ్ అడ్రస్ బుక్ చూడటానికి అనుమతి అడిగితే 10 నిమిషాలు కాదు, 1 నిమిషమే ఇవ్వండి. యాక్సెస్ డేటాబేస్ (ఎండీబీ) ఫైళ్లనూ ఆపేస్తుంది, కుదించి మూటకట్టిన జిప్ ఫైళ్లను మాత్రం వదిలేస్తుంది. 2004లో మైడూమ్ అనే వర్మ్ జిప్‌లో కూడా వచ్చింది. డిస్క్‌లోని ఫైళ్లలో అడ్రస్‌లు ఏరుకుని, మెయిల్ పంపే సొంత ఇంజిన్‌తో (ఎస్‌ఎంటీపీ) తనను తానే పంపుకుంది. ఔట్‌లుక్‌తో దానికి పనే లేదు.