రౌటర్ టేబుల్‌కి ఇన్సర్ట్ ప్లేట్: వాడి చూశాక

చెక్కకి గాళ్లు, అంచులు కోసే రౌటర్ మిషన్‌ని బల్ల కింద తలకిందులుగా బిగిస్తే అదే రౌటర్ టేబుల్. దాన్ని ఇంట్లో కట్టుకునేవాళ్లు డబ్బు పెట్టాల్సిన చోటు ఒక్కటే, ఇన్సర్ట్ ప్లేట్. బల్ల, ఫెన్స్ (చెక్కని ఆనించి తోసే అడ్డపట్టీ), కాళ్లు అన్నీ సొంతంగా చేసుకోవచ్చు. రౌటర్‌ని తలకిందులుగా మోసే ఆ పలక మాత్రం చెక్కతో కుదరదు. పల్చగా చేస్తే బరువుకి వంగుతుంది, మందంగా చేస్తే బిట్ (రౌటర్‌లో తిరుగుతూ కోసే ముక్క) పైకి చాలదు.

నేను తీసుకున్నది 9.5 మి.మీ. అల్యూమినియం ప్లేట్. స్కేలు అంచు మీద నిలబెట్టి, వెనక లైటు పెట్టి చూశాను. ఐమూలగా కూడా ఎక్కడా సందు లేదు. బరువైన రౌటర్ బిగించాక మళ్లీ చూసినా అంతే. ఈ ఒక్క గుణం కోసం మిగతా చిరాకులు భరించవచ్చు.

చిరాకులు ఉన్నాయి మరి. అన్ని రౌటర్లకూ సరిపోతుందని పెట్టె మీద రాశారు. నా రౌటర్ బేస్‌కి ఒక్క రంధ్రమూ కలవలేదు. బేస్ కింది ప్లాస్టిక్ ప్లేటు విప్పి, దాన్నే అచ్చుగా పెట్టి గుర్తులు పెట్టుకున్నాను. చుక్క నూనె వేసి, డ్రిల్ నెమ్మదిగా తిప్పితే అల్యూమినియం హాయిగా తెగుతుంది. స్క్రూ తలలు లోపలికి దిగేలా పైన కౌంటర్‌సింక్ చేయడం తప్పనిసరి.

ప్లేట్‌ని బల్లతో మట్టం చేసే స్క్రూలు మరీ సన్నం. బల్లకి వాడిన ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన బోర్డు) మెత్తన కాబట్టి వాటి మొనలు మెల్లగా దిగబడిపోతాయి. ప్రతి స్క్రూ కింద ఒక వాషర్ అతికిస్తే ఇక కదలదు. ఆ నాలుగు వాషర్లు వాళ్లే ఇచ్చుంటే పోయేదేముంది!

బిట్ చుట్టూ రంధ్రాన్ని చిన్నది చేసే ప్లాస్టిక్ రింగులది ఇంకో కథ. ఒకటి ప్లేట్ కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా కూర్చుంది. ఆ కాస్త ఎత్తుకే చెక్క తగిలి ఆగుతుంది, ఆగిన చోట కాలిన మచ్చ పడుతుంది. గరుకు కాగితం మీద రుద్ది సరిచేశాను. వంపు ముక్కలు ఫెన్స్ లేకుండా కోసేటప్పుడు ఆనించే పిన్ను మాత్రం గట్టిగా ఉంది.

ప్లేట్ కూర్చునే గాడికి అచ్చు ఇవ్వలేదు. ప్లేట్ చుట్టూ నాలుగు పట్టీలు రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి, ప్లేట్ తీసేసి, బేరింగ్ ఉన్న బిట్‌ని పట్టీల అంచు వెంట తిప్పితే గాడి సరిగ్గా వస్తుంది. ప్లేట్ మూలల వంపు బిట్ వంపుకి సరిపోవాలి, అంతే. బల్లకి 18 మి.మీ. ఎండీఎఫ్ రెండు పొరలు అతికించి, కిందా పైనా లామినేట్ వేశాను. ఒక్క పక్కే వేస్తే తేమకి బల్ల వంగుతుంది.

దీంతోపాటు అల్యూమినియం ట్రాకులు, ఫెన్స్ కలిపిన సెట్టు కూడా అమ్ముతున్నారు. వద్దు. బిట్ గుండ్రం, ఫెన్స్ ఏ కోణంలో ఉన్నా దానికి ఒకటే. మూలమట్టానికి నిలిచేలా రెండు ప్లైవుడ్ ముక్కలు బిగించి, ఒక చివర బోల్టు, రెండో చివర క్లాంపు పెడితే చాలు. బోల్టు చుట్టూ ఫెన్స్‌ని కాస్త తిప్పితే కోత లోతు మారుతుంది.

చిన్న ట్రిమ్ రౌటర్ ఒక్కటే ఉన్నవాళ్లు ఈ ప్లేట్ తీసుకోవద్దు. బిట్ పొడవు సగం దీని మందానికే పోతుంది. వాళ్లకి 6 మి.మీ.ది చాలు.